హోటలు గోడ, రవివర్మ బొమ్మ, పాంపే బాతులు

మా బాబాయి హోటల్ పెడుతున్నాడు. కాఫీ హోటలు కాదు, ఏసీ రెస్టారెంటు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, హైవే పక్కన. స్థలం కొన్నది పదేళ్ళ క్రితం, బ్యాంకు లోను వచ్చింది మొన్నీమధ్య. ఇంట్లో సాఫ్ట్‌వేరు వాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కాస్త కంప్యూటరు వాసన ఉన్న పనులన్నీ నా నెత్తినే పడతాయి. ప్రింటరు మొరాయిస్తే నేనే, మామ్మకి ఫోన్లో భాగవతం పెట్టాలన్నా నేనే. ఈసారి వచ్చిన పని ఇది: "ఒరేయ్, డిజైనరు కుర్రాడు క్లాసికల్ పెయింటింగుల థీమ్ అంటున్నాడు. నువ్వో నాలుగు మంచి బొమ్మలు ఏరి పంపరా, హై క్వాలిటీవి."

నాలుగు బొమ్మలే కదా, అరగంట పని అనుకున్నాను. రెండు నెలలైంది. ఇంకా తేలలేదు. ఈలోపు నేను చదివినదీ, తిరిగినదీ, బాబాయితో వాదించినదీ అంతా కలిపితే ఇదిగో ఇంత అయింది.

ముందు ఆ డిజైనరు పంపిన త్రీడీ బొమ్మల సంగతి. ఎదురుగా పదహారడుగుల గోడంతా రవివర్మ హంస దమయంతి. ఫ్యామిలీ సెక్షన్లో యశోదాకృష్ణులు. చేతులు కడుక్కునే చోట, అద్దం పైన, సరస్వతీదేవి! కొర్రమేను పులుసు తిని, పుక్కిలించి, తలెత్తితే వీణతో సరస్వతి. మామ్మ అది చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "వాడికి అమ్మా బాబూ లేరా?" అంది. అంతటితో సరస్వతి వాష్ బేసిన్ దగ్గర్నుంచి తప్పుకుంది.

దమయంతి మాత్రం మిగిలింది. నేను లెక్క వేసి చెప్పాను, "బాబాయ్, నీ గోడ పదహారడుగులు, అంటే 192 అంగుళాలు. ఆ కుర్రాడు నెట్లో దింపిన బొమ్మ వెడల్పు 1024 పిక్సెళ్ళు. అంగుళానికి అయిదు చుక్కలు. దమయంతి ముక్కు దగ్గర నిలబడితే నీకు ముక్కు కనపడదు, ఇటుకలు కనపడతాయి." బాబాయి "దూరం నుంచి చూస్తారులేరా" అన్నాడు. నేను సివిల్ చదివి సాఫ్ట్‌వేర్లోకి వచ్చినవాణ్ణి (మా బ్యాచ్‌లో సగం మంది అంతే, నవ్వకండి). గోడలంటే ఇప్పటికీ కొంచెం పట్టింపు ఉంది. అందుకని అక్కడితో ఆగలేకపోయాను.

అసలు హోటలు గోడ మీద బొమ్మ ఎందుకు పెడతారు? ఎప్పట్నుంచి పెడుతున్నారు?

మా ఇంట్లోనే దానికో సాక్ష్యం ఉంది. మా తాతయ్య తాడేపల్లిగూడెంలో కాఫీ హోటలు నడిపేవారు. ఉల్లిపాయల మార్కెట్టుకి వచ్చే లారీలవాళ్ళూ, కమీషను కొట్ల గుమాస్తాలూ, రైలు దిగి బస్సు కోసం చూసేవాళ్ళూ, వీళ్ళే బేరం. నేను పుట్టేసరికే అది మూతపడింది. అందులో మిగిలినవి ఒక రుబ్బురోలు, రెండు పాలరాతి బల్లలు, గల్లాపెట్టె పైన ఉండే లక్ష్మీదేవి పటం. రవివర్మ లక్ష్మే, అచ్చు బొమ్మ. కట్టెల పొయ్యి పొగకి పటం అంతా బెల్లం రంగులోకి దిగిపోయింది. ఏనుగు ఎక్కడుందో తెలిసినవాళ్ళకే కనపడుతుంది. చిన్నప్పుడు నేను తడిగుడ్డతో తుడవబోతే తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఎందుకో అప్పుడు తెలీలేదు.

ఆ అచ్చు బొమ్మల కథ మాత్రం భలే ఉంటుంది. రాజా రవివర్మ (1848-1906) తిరువాన్కూరు ప్రాంతం కిళిమానూరు వాడు. యూరపు పద్ధతిలో నూనె రంగులు వేయడం మీద మోజు. మన పురాణాల వాళ్ళని ఆ పద్ధతిలో, మాంసం, ఎముకలు, నీడలు ఉన్న మనుషుల్లా వేశాడు. రాజాస్థానాల్లో బాగా గిరాకీ. అయితే రాజుల దగ్గరున్న బొమ్మ రాజులే చూస్తారు. 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టించాడు, జర్మనీ యంత్రాలూ జర్మనీ పనివాళ్ళతో. మొదట వచ్చిన అచ్చుల్లో శకుంతల జననం ఒకటి. పద్ధతి ఏమిటంటే, నున్నటి రాయి మీద జిడ్డు సిరాతో గీస్తారు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఒక బొమ్మకి అన్ని రాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి, వెంట్రుకవాసి తేడా రాకుండా, అదే కాగితం మీద అద్దాలి. చివర్న వార్నీషు పూస్తే నూనె బొమ్మలా మెరుస్తుంది. మా తాతయ్య తడిగుడ్డని ఆపింది ఆ వార్నీషు కోసమేనని ఇప్పుడు అర్థమైంది.

ప్రెస్సు మీద రవివర్మ బాగుపడిందేమీ లేదు. ప్లేగు, అప్పులు, ఆ గొడవల్లో ప్రెస్సు బొంబాయి నుంచి లోనావాలా దగ్గర మళవలికి మారింది. చివరికి ష్లైకర్ అనే జర్మన్ ముద్రాపకుడికి అమ్మేశారు. తర్వాత ఆ బొమ్మలు సబ్బులకీ, బేబీ ఫుడ్డుకీ కేలండర్లయ్యాయి. దేవతల చీరలకి ఇళ్ళల్లో ఆడవాళ్ళు జరీ, చమ్కీలు కుట్టి అద్దాల్లో పెట్టుకునేవారు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని కులాల వాళ్ళ ఇళ్ళల్లోకి కూడా దేవుడి మొహం అణాల ఖర్చుతో వచ్చేసింది. ఈ ఒక్క పని కోసం రవివర్మకి వంద దణ్ణాలు పెట్టొచ్చు, బొమ్మలు మనకి నచ్చినా నచ్చకపోయినా.

హోటళ్ళలోకి ఆ పటాలు వచ్చిన కాలాన్ని కాస్త గుర్తు చేసుకుందాం. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో మద్రాసు రాష్ట్రం కాఫీ హోటళ్ళలో చాలాచోట్ల బ్రాహ్మణులకి వేరే గది ఉండేది, బోర్డుతో సహా. మిగతా కులాల్లో కొందరికి బల్ల దగ్గర చోటు, కొందరికి అసలు గుమ్మం దాకానే. ఇంటీరియర్ డిజైన్ అంటారే, మన హోటళ్ళలో మొట్టమొదటి ఇంటీరియర్ డిజైను ఆ తడిక. బొమ్మ కాదు. దాని మీద పోట్లాటలు జరిగి, చట్టాలు వచ్చి, అది పోయింది. పటం మిగిలింది. దక్షిణాదిలో తర్వాత శివకాశి అచ్చులు వచ్చాయి. కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు (1898-1976), ఆయన శిష్యులు వేసిన దేవతలు కేలండర్ల మీద ఊరూరా చేరారు. కొండయ్య రాజు మొదట నాటకాల కంపెనీకి తెరలు వేసినవాడు. ఆ దేవతల వెనకాల ఉన్న సరస్సులూ, స్తంభాలూ నాటకం తెరల్లాగే ఉంటాయి, ఈసారి చూసినప్పుడు గమనించండి.

ఇక్కడ నాకు ఒక విషయం తట్టింది. మా తాతయ్య హోటల్లో ఆ పటం ఎక్కడుండేదని మామ్మని అడిగాను. గల్లాపెట్టె పైన, కూర్చున్న మనిషి తలకి రెండు మూరల ఎత్తులో, వీధికేసి. తినేవాళ్ళకి కనపడాలంటే మెడ తిప్పి చూడాల్సిందే. అంటే ఆ పటం తినేవాళ్ళ కోసం పెట్టింది కానే కాదు. అది గల్లాపెట్టె కోసం. పొద్దున్న దీపం పెట్టడానికి, మొదటి బేరం డబ్బులు కళ్ళకద్దుకోవడానికి. తినేవాడి ఎదురుగా ఉండేది "అప్పు రేపు" బోర్డు, ఇడ్లీ వడ కాఫీ ధరల పట్టీ.

ఆ పటాన్ని అక్కణ్ణుంచి తీసి, పదహారడుగులకి సాగదీసి, బిర్యానీ తినేవాడి ఎదురుగా పెడితే అది ఇంకేదో అవుతుంది. బాబాయితో ఈ మాటే అన్నాను. "క్లాసికల్ కదరా, మన సంస్కృతి కదా" అన్నాడు. ఈ క్లాసికల్ అన్న మాట దగ్గరే నాకు పేచీ. రవివర్మ తన కాలానికి అప్ టు డేట్ మనిషి. తైలవర్ణాలు, యూరపు నీడలు, జర్మనీ యంత్రం. ఆయన్ని ప్రాచీన చిత్రకళ కింద జమ వేస్తున్నది మనం, అదీ పొగ పట్టింది కాబట్టి.

సరే, మరి మన వైపు, మన గోదావరి జిల్లాల్లో, పాత చిత్రకళని కళ్ళారా చూసి దాన్నుంచి సొంతంగా ఏదైనా చేసినవాళ్ళు లేరా? ఉన్నారు. ఏలూరు నుంచి వంద కిలోమీటర్లు. రాజమండ్రి.

దామెర్ల రామారావు పేరు నేను పదో తరగతిలో విన్నాను, మర్చిపోయాను. ఈ గోడ పుణ్యమా అని ఒక శనివారం పొద్దున్నే రైలెక్కి రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గేలరీకి వెళ్ళాను. 1897 మార్చిలో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన, స్వయంగా బొమ్మలు వేసేవాడు, ఈ కుర్రాడి చెయ్యి చూసి 1916లో బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడు. అక్కడ యూరపు పద్ధతి అంతా నేర్చుకున్నాడు. కానీ మధ్యలో అజంతా, ఎల్లోరా వెళ్ళి చూశాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగుడి బొమ్మకి వైస్రాయి బహుమతి. మద్రాసులోనో కలకత్తాలోనో స్థిరపడొచ్చు. పడలేదు. రాజమండ్రి వచ్చి 1923లో చిత్రకళా బడి పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయాడు. ఇరవై ఎనిమిది నిండలేదు.

నాకు ఈ ఏడాది ఇరవై ఎనిమిది నిండుతాయి. ఆ లెక్క గేలరీలో నిలబడి వేసుకోకుండా ఉండాల్సింది. ఇప్పటిదాకా నేను చేసిన గొప్ప పని ఏదంటే ఒక బ్యాంకు వెబ్‌సైట్లో తేదీల బగ్గు సరిచేయడం.

నాకు చిత్రకళ గురించి పాఠాలు చెప్పే అర్హత లేదు, చూసింది చెబుతాను. కొన్ని బొమ్మలు నేననుకున్నదానికంటే బాగా చిన్నవి. దగ్గరకి వెళ్ళి, ఒంగి చూడాలి. రవివర్మ బొమ్మలో చీర పట్టుదని తెలుస్తుంది, నగ బంగారమని తెలుస్తుంది. ఇక్కడ పని అంతా గీత చేస్తుంది. మెడ ఎక్కడ మొదలై భుజంలోకి ఎలా దిగిందో ఒక్క గీత. అది అజంతాలో చూసి వచ్చిన గీత. కానీ ఆ గీతతో వేసిన మొహాలు మాత్రం అజంతావి కావు. గోదావరి గట్టున కనపడే మొహాలే. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆయన పోయాక ఆ బడినీ, బొమ్మల్నీ కాపాడుకొచ్చింది స్నేహితుడు వరదా వెంకటరత్నం. నేనైతే ఆ స్నేహితుడి గురించి విడిగా ఒకటి రాయాలి ఎప్పుడైనా.

ఋష్యశృంగుడి కథ బాబాయికి ఫోన్లో చెప్పాను. ఆడదాన్నే కాదు, అడవి దాటి ఏమీ చూడని ముని కుర్రాడు. వాణ్ణి ఊరికి రప్పించడానికి రాజుగారు పంపిన వేశ్యలు మోదకాలు తినిపిస్తారు. కుర్రాడు వాటిని కొత్త రకం పళ్ళనుకుంటాడు, రామాయణంలోనే ఉంది. "హోటలుకి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది బాబాయ్, తిండితో మనిషిని పట్టేసిన కథ!" అన్నాను. బాబాయి రెండు నిమిషాలు ఆలోచించి, "కథ బానే ఉంది గానీ ఫ్యామిలీలు వస్తార్రా" అన్నాడు.

రామారావు స్నేహితుల్లో మన జిల్లా మనిషి ఇంకొకరున్నారు. అడివి బాపిరాజు, భీమవరం వైపు వారు, 1895లో పుట్టారు. నవలలు రాసినాయనగా మనకి తెలుసు. ఈయన కూడా కూల్డ్రే శిష్యుడే. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకి ప్రిన్సిపాలుగా చేశారు. మన టాపిక్కి కావలసింది ఏమిటంటే, ఆయన 1936లో వచ్చిన అనసూయ లాంటి సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. పాత చిత్రకళ చదువుకున్నవాడు గోడలూ, స్తంభాలూ, తలుపులూ కట్టించడం మనకి అలా మొదలైంది, సినిమా సెట్లలో. ఆ దారి 1957లో మాయాబజార్ దాకా వచ్చింది. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కట్టిన సెట్లు. తెలుగువాణ్ణి కళ్ళు మూసుకుని భోజనశాల ఊహించుకోమంటే ఘటోత్కచుడు కూర్చున్న ఆ శాలే వస్తుంది. మన తెలుగువాళ్ళ అత్యుత్తమ రెస్టారెంటు ఇంటీరియర్ అదేనని నా అభిప్రాయం. కాకపోతే అందులో ఎవరూ నిజంగా భోంచెయ్యలేదు, అది కెమెరా కోసం కట్టింది.

ఇలా గల్లాపెట్టె కోసం ఒకటి, కెమెరా కోసం ఒకటి. మరి తినేవాడి కోసం బొమ్మ వేసిన హోటలు ఎక్కడైనా ఉందా? దీనికోసం కొంచెం దూరం, ఇటలీ దాకా వెళ్ళాల్సి వచ్చింది. పిడకల వేట అనుకోకండి, బాబాయి హోటలు తేలింది దీనివల్లే.

పాంపే ఊరు క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి బూడిద కింద పడిపోయిన సంగతి తెలిసిందే. అక్కడ వీధి పక్కన వేడి తిండి అమ్మే కొట్లు ఎనభై దాకా బయటపడ్డాయి. మన టిఫిన్ సెంటర్లే. ఇటుకలతో కట్టిన గల్లా, దానిలో పెద్ద పెద్ద జాడీలు దింపి, అందులోంచి గరిటెతో వడ్డించడం. అలాంటిది ఒకటి 2020లో పూర్తిగా తవ్వి తీశారు. ఆ గల్లా ముందుభాగం నిండా రంగుల బొమ్మలు! ఒకవైపు సముద్రపు గుర్రం మీద జలకన్య. ఇంకోవైపు ఒక కోడిపుంజు, తాడు కట్టిన కుక్క, తలకిందులుగా వేలాడుతున్న రెండు బాతులు. జాడీల్లో బాతు ఎముకలు కూడా దొరికాయి. మేక, పంది, చేప, నత్తలు కూడా. అంటే ఆ బొమ్మలో కొంత మెనూ కార్డు, కొంత సరదా. అక్కడి సంపన్నుల ఇళ్ళ గోడల మీద ఉన్న అదే చిత్రకళ, అవే రంగులు, అదే జలకన్య, వీధి కొట్టుకి దిగొచ్చాయి. నిలబడి తినేవాడి నడుం ఎత్తులో, వీధిన పోయేవాడి కంటికి ఆనేలా.

అదే ఇటలీలో ఇంకోటి. లియొనార్డో డావిన్సీ లాస్ట్ సప్పర్ ఉందే, అది ఉన్నది మ్యూజియంలో కాదు, మిలాన్‌లో సన్యాసులు భోంచేసే హాలు గోడ మీద. వాళ్ళు తింటూ ఎదుటి గోడ మీద ఏసుక్రీస్తు భోజనం చూసేవారు. అయితే 1652లో వాళ్ళకి గుమ్మం పెద్దది కావాల్సొచ్చింది. బొమ్మ కింది భాగం కొట్టేసి గుమ్మం పెట్టుకున్నారు. క్రీస్తు పాదాలు పోయాయి. ఇది చదివాక, మా డిజైనరు దమయంతి పాదాల దగ్గర స్విచ్‌బోర్డు పెట్టాడని కోప్పడ్డం మానేశాను.

ఇక మూడోది అమెరికా. 1958లో న్యూయార్కు సీగ్రామ్ భవనంలో ఫోర్ సీజన్స్ అనే ఖరీదైన రెస్టారెంటు పెడుతూ, గోడలకి బొమ్మలు వెయ్యమని మార్క్ రోత్కో అనే చిత్రకారుణ్ణి అడిగారు. పెద్ద మొత్తం. ఆయన పాత వ్యాయామశాల ఒకటి అద్దెకి తీసుకుని, ఆ భోజనశాల కొలతలకి సరిపడా కట్టుకుని, బొమ్మల మీద బొమ్మలు వేశాడు. ఆయన మనసులో ఉన్న నమూనా ఫ్లారెన్సులో మికెలాంజెలో కట్టిన లైబ్రరీ మెట్ల గది. అందులో కిటికీలన్నీ మూసేసి ఉంటాయి, కిటికీ ఆకారం ఉంటుంది, దారి ఉండదు. 1959లో పాంపే కూడా వెళ్ళి అక్కడి ఎర్ర గోడల బొమ్మలు చూసి, నేను వేస్తున్నది దీనికి దగ్గరగా ఉందే అనుకున్నాడు. తిరిగొచ్చి, ఆ హోటలు తెరిచాక భార్యతో కలిసి వెళ్ళి భోంచేశాడు. అంతే. డబ్బు వాపసు ఇచ్చి బొమ్మలు ఇవ్వనన్నాడు. అలాంటి చోట, అలాంటి ధరలకి తినేవాళ్ళు తన బొమ్మ చూడరని అనుకున్నాడు. వాటిలో తొమ్మిది లండన్ టేట్ గేలరీకి ఇచ్చాడు. అవి అక్కడికి చేరింది 1970 ఫిబ్రవరి 25న. అదే రోజు ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ కథ బాబాయికి చెప్పలేదు. బ్యాంకు లోను మీద ఉన్న మనిషికి చెప్పే కథ కాదు.

పాంపే బాతులు మాత్రం చూపించాను. ఫోన్లో ఫొటో చాలాసేపు చూశాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసి, "మన పరజ పిట్టల్లా లేవూ?" అన్నాడు. అప్పుడు అసలు మాట అడిగాను. మన పక్కనే కొల్లేరు ఉంది. గూడబాతులున్నాయి, ఎర్రకాళ్ళ కొంగలున్నాయి, తాటి దోనెలున్నాయి, కొర్రమేను ఎలాగూ మెనూలోనే ఉంది. రామారావు రాజమండ్రి మొహాలు వేసినట్టు, పాంపే వాడు తన కుండలో బాతునే వేసినట్టు, నువ్వు కొల్లేరు ఎందుకు వేయించవు?

ఫోన్లో చప్పుడు లేదు. తర్వాత, "అది వద్దురా" అని పెట్టేశాడు.

మామ్మ చెబితే తెలిసింది. 2000 తర్వాత బాబాయి ఇంకో నలుగురితో కలిసి సరస్సులో చేపల చెరువు వాటా పెట్టాడు. కొల్లేరు 1999లోనే అభయారణ్యం, అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడినేల కూడా అయింది. అక్కడ గట్లు వెయ్యకూడదని వీళ్ళకి తెలుసు. అందరూ వేస్తున్నారు కదా అని వేశారు. బొచ్చె, శీలావతి. రెండు పంటలు బాగా వచ్చాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు వచ్చింది, గట్లు పేల్చేశారు. చేపలు పిల్ల దశలో ఉన్నాయి. ఒక్క రాత్రిలో నీళ్ళతో పాటు సరస్సులోకి వెళ్ళిపోయాయి. పిన్ని గాజులు అప్పుడే పోయాయట. అప్పట్లో నేను బళ్ళో ఉన్నాను. బాబాయి కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండటం, ఎవరితో మాట్లాడకపోవడం గుర్తుంది. కారణం ఎవరూ చెప్పలేదు.

తప్పెవరిది అంటే మా బాబాయిదీ ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద నీళ్ళు కొల్లేట్లో పరుచుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి పోవాలి. మధ్యలో వేల గట్లు కడితే నీళ్ళు ఊళ్ళ మీదకే వస్తాయి. సివిల్ రెండో సంవత్సరం కుర్రాడికి కూడా తెలిసిన విషయమే. కానీ ఆ సరస్సుని అందంగా, తామరపూలతో, తన హోటలు గోడ మీద పదహారడుగులు వేయించుకుని రోజూ చూడమని నేను అడిగాను. దమయంతి ఎందుకంత ముద్దొచ్చిందో అప్పుడు అర్థమైంది. దమయంతికీ తనకీ ఏ బాకీలూ లేవు.

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒక నెల తర్వాత బాబాయే ఫోన్ చేశాడు. "గోడ సంగతి వదిలెయ్, సున్నం వేసి తెల్లగా ఉంచేస్తా. ఆ ఇటలీ వాడిలా గల్లా ముందర వేయిద్దామా? చిన్నది కదా. పన్నెండడుగులు, రెండున్నర ఎత్తు." నేను ఆర్టిస్టు కోసం హైదరాబాదులో విచారిస్తానన్నాను. "ఎందుకూ, మన ఏలూర్లో ఉన్నాడు" అన్నాడు. సినిమా హాళ్ళకీ, సహకార బ్యాంకులకీ బోర్డులు రాసిన పెద్దాయన. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి ఇప్పుడు కొడుకు మెడికల్ షాపులో కూర్చుంటున్నాడు. లంక గ్రామం వాడు, దోనెలో బడికెళ్ళిన మనిషి.

పోయిన ఆదివారం వెళ్ళి చూశాను. నల్లరేగడి నేల కదా, గోడలు బీటలు తీస్తాయని పునాదికి పైల్స్ వేయించారు, అదొక్కటీ బాబాయి నన్నడిగి చేసిన పని. గల్లా ముందు ప్లాస్టరింగు మీద ఎర్రమట్టి రంగు పూసి ఉంది, పెద్దాయన సుద్దముక్కతో గీసేశాడు. ఎడమవైపు గూడబాతు, దాని సంచీ ముక్కు. మధ్యలో దోనె, అందులో మావు పట్టుకున్న మనిషి. కుడివైపు కొర్రమేను, నిజంగా దాని పొగరంతా ఉంది. తలకిందులుగా రెండు బాతులు కూడా వేశాడు, అది బాబాయి ఫోన్లో చూపించాడట. గీత ఒక్కసారి తీస్తే మళ్ళీ చెరపడు. అజంతా చూశారా అని అడిగితే, "పుస్తకంలో" అన్నాడు.

కూర్చుని తినేవాళ్ళకి ఇది కనపడుతుందా అని బాబాయికి అనుమానం. నేను కుర్చీ వేసుకుని, నాలుగు బల్లల దగ్గర కూర్చుని చూశాను. మూడింటికి కనపడుతుంది. నాలుగోది స్తంభం వెనకాల.

గల్లా వెనక గోడకి తాతయ్య లక్ష్మీదేవి పటం పెట్టారు, పాత ఎత్తులోనే. దాని కింద క్యూఆర్ కోడ్ స్టాండు వస్తుంది. డిజైనరు కుర్రాడు పటాన్ని శుభ్రం చేయిస్తానన్నాడు, నేను వద్దన్నాను.

వచ్చేముందు ఒకటి జరిగింది. దోనె వెనకాల పెద్దాయన ఒక అడ్డగీత గీశాడు, సన్నగా, ఈ చివర్నుంచి ఆ చివరికి. అదేమిటని అడిగాను. "గట్టు" అన్నాడు, అది లేకుండా కొల్లేరు ఎవరు చూశారు ఈ కాలంలో అన్నట్టు. నేను బాబాయి మొహం చూశాను, చెరిపెయ్యమంటాడని. ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, సుద్దముక్క అడిగి తీసుకున్నాడు.

"గట్టు ఇక్కడ కాదండీ, ఇంకాస్త అవతలగా ఉండేది" అని చూపించాడు.